మా విలన్ రోడ్డు దాటుతోంది

నాకు పగలొక ఉద్యోగం, రాత్రొక ఉద్యోగం. పగటిది మీ అందరికీ తెలిసిందే. బగ్గులు పెట్టడం, పెట్టిన బగ్గుల్ని తియ్యడం, తీసేశామహో అని నలుగురికీ మెయిలు కొట్టడం. రాత్రిది మాత్రం మా మేనేజరుకు తెలీదు. రాత్రిళ్ళు నేను పిల్లల కథలు రాస్తుంటాను. "కథలు" అని బహువచనం వాడేశాను గానీ నిజానికి ఒక్కటే కథ. అదీ అప్పటికింకా పూర్తి కాలేదు.

ఇది 2025 నవంబరు నాటి మాట. మా అపార్టుమెంట్లో పద్నాలుగో తారీకున పిల్లల పండగ చేస్తారు. "మన పిల్లలు తెలుగు పుస్తకం మొహం చూడట్లేదు, ఈసారి మనమే ఓ బొమ్మల పుస్తకం వేసి పంచుదాం" అని అసోసియేషన్ మీటింగులో ఎవరో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రాసేదెవరు అనేసరికి అందరూ ఫోన్లు చూసుకున్నారు. అప్పుడు చెయ్యెత్తిన అమాయకుణ్ణి నేనే. బొమ్మలు వేసేది మా పై ఫ్లోరులో ఉండే నా ఫ్రెండు. వాడు ఓ కంపెనీలో డిజైనరు. పగలంతా బటన్లు గీస్తాడు, రాత్రిళ్ళు జంతువుల్ని గీస్తాడు. ఇరవైనాలుగు పేజీలు, రెండొందల కాపీలు. ప్రింటింగ్ వాళ్ళకి పదో తారీకు సోమవారం పొద్దునకల్లా ఫైళ్ళు ఇవ్వాలి.

ఇంతకీ కథేంటంటే, అడవిలో ఒక ఊసరవెల్లి. చిలకల దగ్గరికెళ్ళి పచ్చగా మారి "నేనూ మీవాడినే" అంటుంది. కోతుల దగ్గరికెళ్ళి గోధుమరంగుకి మారి "నేనూ మీవాడినే" అంటుంది. వాళ్ళ మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు వాళ్ళకీ మోసి తగువులు పెడుతుంది. చివరికో ఉడత దాని గుట్టు రట్టు చేస్తే అందరూ కలిసి అడవిలోంచి తరిమేస్తారు. నీతి: రంగులు మార్చకూడదు. శుభం.

ఎక్కడో విన్నట్టుంది కదూ? నాక్కూడా అలాగే ఉంది. కానీ సోమవారం డెడ్‌లైన్ పెట్టుకున్నవాడికి విన్నట్టుండే కథ దొరకడమే మహాభాగ్యం.

చిక్కల్లా మా మేనకోడలితో వచ్చింది. ఒంగోల్లో ఉంటుంది, ఒకటో క్లాసు. నా దగ్గరున్న ఏకైక టెస్టింగ్ టీము అదే. వీడియో కాల్లో కథంతా చదివి వినిపించాను. బుద్ధిగా విని, "మరి అదిప్పుడు ఎక్కడికి పోద్ది మావయ్యా?" అంది.

"ఎక్కడికో వెళ్ళిపోద్దమ్మా. చెడ్డది కదా."

"రాత్రి అయితే ఎక్కడ పడుకుంటది?"

నాకు సమాధానం తోచలేదు. "కథ అయిపోయిందమ్మా" అన్నాను. "అవలేదు" అని ఫోన్ వాళ్ళమ్మకిచ్చి వెళ్ళిపోయింది. క్యూయే వాళ్ళు టికెట్టు మళ్ళీ తెరిచి మొహాన కొట్టినట్టే అయింది నాకు. నాలుగు రాత్రులు ఆఖరి రెండు పేజీలూ రాయడం, కొట్టేయడం. ఆఫీసులో చూస్తే అదే వారం రిలీజు. నిద్ర సంగతి అడక్కండి.

సరే, అసలు విషయానికొస్తాను.

శుక్రవారం, ఏడో తారీకు. సాయంత్రం ఐదున్నరకి కాల్ ఉంది. ఐదింటికి బుర్ర మొద్దుబారిపోయి, ఓ అరగంట నడిస్తే ఆఖరి పేజీ ఏమైనా తడుతుందేమోనని కిందకి దిగాను. మాది తెల్లాపూర్. మా గేటు దాటి ఎడమ చేతికి తిరిగితే సగం వేసి వదిలేసిన లేఅవుట్ రోడ్డొకటి ఉంటుంది. ఇటూ అటూ రాళ్ళగుట్టలు, తంగేడు పొదలు, తుమ్మలు, హద్దురాళ్ళు, "ఈ స్థలం అమ్మబడదు" అన్న బోర్డులు. వాటర్ ట్యాంకర్లు తప్ప పెద్దగా ఏమీ తిరగవు. కథలు ఆలోచించుకోవడానికి బ్రహ్మాండమైన రోడ్డు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు నేలమీద, మనసు ఉడత దగ్గర. రోడ్డు మధ్యలో ఆకుపచ్చగా ఏదో కనబడింది. కవరు ముక్క అనుకున్నాను. గాలి లేకుండానే ఊగుతోంది. ఇంకాస్త దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఊసరవెల్లి!

నవ్వొచ్చింది ముందు. నాలుగు రోజులుగా ఎవర్ని ఎలా తరమాలా అని నేను జుట్టు పీక్కుంటున్నానో ఆ విలను స్వయంగా ఎదురొచ్చి నిలబడింది. మూతి నుంచి తోక చివరిదాకా ఓ అడుగు పైనే ఉంటుంది.

దాని నడక ఎప్పుడైనా చూశారా మీరు? ముందు కాలొకటి పైకెత్తుతుంది. ఎత్తి, అక్కడే ఆగిపోతుంది. వేద్దామా వద్దా అన్నట్టు ఒళ్ళంతా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఊగి ఊగి ఎప్పటికో ఆ కాలు కింద పెడుతుంది. మళ్ళీ ఇంకో కాలు. గాలికి ఊగే ఆకులా కనబడ్డానికే ఆ ఊపు అంటారు. కొమ్మమీదైతే అది గొప్ప తెలివే. సిమెంటు రోడ్డు మీద మాత్రం దాన్ని మించిన తెలివితక్కువ పని లేదు. ఆ పాదాలు కూడా రోడ్డు కోసం పుట్టినవి కావు. ఐదు వేళ్ళూ రెండు కట్టలుగా అతుక్కుని ఉంటాయి, ఓ కట్టలో మూడు, ఇంకో కట్టలో రెండు. అచ్చం వంటింట్లో పటకారులాగా. కొమ్మని పట్టుకోవడానికి తప్ప చదునైన నేల మీద పరిగెత్తడానికి అవి బొత్తిగా పనికిరావు. మనందరం తిట్టుగా వాడే ఈ ప్రాణికి అసలు పారిపోవడమే చేతకాదు.

నేనలా చూస్తూ ఉండగానే వెనక నుంచి ట్యాంకరు వచ్చింది.

ఆలోచించి చేశానని చెప్పను. రోడ్డు మధ్యకెళ్ళి చెయ్యెత్తాను. డ్రైవరు గట్టిగా బ్రేకేసి, తల బయటికి పెట్టి నా మీద కేకలేశాడు. కింద ఏముందో చూపించాను. దిగి చూశాడు. "దీనికోసమా బాసూ?" అన్నాడు. కానీ వెళ్ళి ఇంజన్ ఆపేశాడు. డెలివరీ కుర్రాడొకడు బండాపి వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. ఈ హడావుడికి పక్క ప్లాటులో కాపలా ఉండే పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన్ని రోజూ చూస్తుంటాను, పాలమూరు వైపు మనిషి.

"జరుగుండ్రి సార్, నేను సూస్కుంట" అని కర్ర ఎత్తాడు.

"అన్నా, వద్దన్నా, కొట్టొద్దు!"

"ఇసముంటది సార్ దానికి. పిల్లలు తిరిగే జాగ ఇది."

"విషం లేదన్నా. పాపం, ఏమీ చెయ్యదు."

"నీకెట్ల తెలుసు సార్? సాఫ్ట్‌వేరోనివి నువ్వు."

ఇదీ పాయింటే. నాకు తెలుసు గానీ ఎలా తెలుసో చెప్పలేను. చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పొదిలి దగ్గర ఓ పల్లె. నేను నాలుగో క్లాసులో ఉండగా బడి వెనక చిల్లకంపలో ఓ ఊసరవెల్లి దొరికింది. అది మనుషుల నెత్తురు పీల్చేస్తుందని మా పిల్లల్లో ఓ పుకారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత ఎటూ ఉంది. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే, అది వేరే జాతి. మన దేశం మొత్తానికి ఉన్న ఊసరవెల్లి జాతి ఒక్కటే. కానీ నాలుగో క్లాసులో ఇవన్నీ ఎవరికి తెలుసు? ఒకడు దాని నోట్లో చుట్టముక్క పెట్టాడు. మిగిలినవాళ్ళం రాళ్ళేశాం. అది పరిగెత్తలేదు. ఒక కాలెత్తి, ఊగుతూ, అలాగే నిలబడింది. ముందు నల్లబడింది. తర్వాత పొట్ట ఉబ్బించి నోరు తెరిచింది. ఇంకాసేపటికి పాలిపోయింది. అది ఎవర్నీ కరవలేదు. విషం లేదని నాకు తెలిసిందలా. నా చేతిలోనూ రాళ్ళున్నాయి. నాది తగిలిందో లేదో తెలీదు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. గురి చూసే వేశాను, అది మాత్రం బాగా గుర్తుంది.

ఇదంతా రోడ్డు మీద నిలబడి ఆయనకు చెప్పలేను కదా. "మా ఊళ్ళో చూశానన్నా" అని మాత్రం అన్నాను. పక్కన పడి ఉన్న ఎండు తుమ్మకొమ్మ ఒకటి తీసుకుని ముళ్ళు విరిచి, దాని ముందు పెట్టాను. ఒక్కసారిగా రంగు మారింది. పచ్చదనం మీద నల్లటి మచ్చలు, చారలు తేలాయి. ఒళ్ళు చపాతీలా వెడల్పు చేసి, గొంతు ఉబ్బించి, నోరంతా తెరిచి బుస్సుమంది. నిజం చెప్పొద్దూ, నేను రెండడుగులు వెనక్కేశాను. ఒక కన్ను నా వైపు, ఇంకో కన్ను ట్యాంకరు వైపు. దాని రెండు కళ్ళూ దేనికది వేరే వేరేగా తిరుగుతాయి. మీటింగులో ఉండి ఫోన్ చూసుకునే మనబోటి వాళ్ళకి అక్కరకొచ్చే విద్య.

మళ్ళీ కొమ్మని దాని ముందరి కాళ్ళకి ఆనించాను. కొమ్మ తగలగానే పటకారు మూసుకుంది. భయపడుతూనే పట్టుకుంది. ముందొక కాలు, తర్వాత ఇంకోటి, ఆఖరికి తోక కూడా చుట్టేసింది. మెల్లగా లేపాను.

అప్పుడు పెద్దాయన వంగి చూసి కర్ర దించేశాడు.

"సార్, జెర మెల్లగ. కడుపుతోనున్నట్టుంది."

పొట్ట చూశాను. రెండు పక్కలా గతుకులు గతుకులుగా నిండుగా ఉంది. తర్వాత చదివితే తెలిసింది, చెట్టు మీదే బతికే ఈ ప్రాణి గుడ్లు పెట్టడానికి మాత్రం నేల మీదకి దిగి, మట్టి తవ్వి, గుడ్లు పెట్టి పూడ్చి మళ్ళీ చెట్టెక్కుతుందట. ఇది అందుకే దిగిందో, రోడ్డుకి అటువైపు చెట్టు కోసమే బయల్దేరిందో నేను చెప్పలేను. ఆయన మాత్రం ఖాయం చేసేశాడు. "గా తంగేడు కాడ మన్ను మెత్తగుంటది, ఆడ ఇడువుండ్రి" అని తనే ముందు నడిచి చూపించాడు. అది ఏ వైపుకి నడుస్తోందో ఆ వైపే వదిలాను. పొదలోకి ఎక్కి, రెండు నిమిషాల్లో మచ్చలన్నీ పోయి మళ్ళీ పచ్చగా అయిపోయింది. కళ్ళ ముందే ఉన్నా కనబడలేదు. ట్యాంకరు డ్రైవరు హారన్ కొట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ రోడ్డు మీద అది రెండో వింత.

ఫోన్ చూస్తే ఐదూ నలభై. కాల్ మొదలై పది నిమిషాలైంది. రోడ్డు మీద నుంచే చేరాను.

"ఎక్కడున్నావ్?" అన్నాడు మేనేజరు.

"సారీ, నెట్‌వర్క్ ప్రాబ్లెమ్" అన్నాను.

ఏమాత్రం తడుముకోలేదు చూడండి. ఆ తర్వాతి ఇరవై నిమిషాల్లో మేనేజరుతో ఒక గొంతు, క్లయింటుతో ఇంకో గొంతు, నా బగ్గు వల్ల మొన్న రాత్రి మేలుకున్న పిల్ల ఇంజనీరుతో మరో గొంతు. అందరికీ "నేనూ మీవాడినే". ఫోన్ పెట్టేసి మెట్లెక్కుతుంటే తట్టింది, నా కథలో చిలకల దగ్గరా కోతుల దగ్గరా తిరిగిన శాల్తీ ఎవరో. దానికి ఊసరవెల్లి బొమ్మ వేశాం గానీ, ఆ వేషాలన్నీ రెండు కాళ్ళవాళ్ళవి.

ఆ రాత్రి కథ తెరవలేదు. ఊసరవెల్లి గురించి చదువుతూ కూర్చున్నాను. మనమంతా అనుకునేది, అది ఏ ఆకు మీదుంటే ఆ రంగులోకి మారి దాక్కుంటుందని. మామూలుగా ఉండే పచ్చరంగు దాక్కోవడానికి పనికొస్తుంది, నిజమే. కానీ రంగు మార్చడం ముఖ్యంగా అందుకు కాదట. చలేస్తే ఎండని ఎక్కువ పీల్చుకోవడానికి ముదురు రంగు. కోపమొచ్చినా, భయమేసినా, తోడు కావాలన్నా, వద్దన్నా ఒక్కోదానికి ఒక్కో రంగు. 2015లో జెనీవా యూనివర్సిటీ వాళ్ళు మడగాస్కర్ ఊసరవెల్లి ఒకదాని చర్మంలో ఇదెలా జరుగుతుందో తేల్చారు. రంగు డబ్బాలు మార్చినట్టు కాదు. చర్మం కింది కణాల్లో కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలు వరసగా పేర్చి ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గరదగ్గరగా ఉండి నీలం కాంతిని వెనక్కి పంపిస్తాయి. చర్మంలోని పసుపు దానితో కలిసి మన కంటికి ఆకుపచ్చ. ఉద్రేకపడితే స్ఫటికాల మధ్య ఎడం పెరిగి పసుపూ ఎరుపూ బయటికొస్తాయి. మన దేశపు దానికి అన్ని హంగులు లేవు, పచ్చ, పసుపు, గోధుమ, నలుపులతో సరిపెట్టుకుంటుంది.

అంటే ఏంటన్నమాట? లోపల ఏముందో దాన్ని చర్మం మీద పెట్టుకుని తిరిగే ప్రాణి అది. కోపమొస్తే కోపం, భయమేస్తే భయం. దాచుకోవడం దానికి రాదు. మనం దాన్ని తీసుకెళ్ళి మోసానికి గుర్తుగా పెట్టుకున్నాం. పార్టీ మారినవాణ్ణి ఊసరవెల్లి అంటాం, 2011లో ఆ పేరుతో సినిమా కూడా తీసుకున్నాం. ఆ రోజు బడి వెనక అది ముందు నల్లబడిందనీ, తర్వాత పాలిపోయిందనీ చెప్పాను కదా. "రంగులు మారుస్తోంది రోయ్" అని మేం కేరింతలు కొట్టాం. అది మాకు చెప్పాల్సిందంతా చెప్పింది. మాకే చదవడం రాలేదు.

శనివారం పొద్దున్నే పై ఫ్లోరుకెళ్ళి, కథ మార్చాలిరా అన్నాను. వాడు టీ కప్పు కింద పెట్టి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు.

"పద్నాలుగు పేజీలు గీసేశాను. ఎల్లుండి ప్రింటు. ఒక్క గీత మార్చను. కావాలంటే నీ మాటలు నువ్వు మార్చుకో" అన్నాడు. తప్పు వాడిది కాదు. అయిపోయిన పనిని మళ్ళీ చెయ్యమనే క్లయింటంటే నాకూ ఒళ్ళు మంటే.

సరేనని బొమ్మలన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నాను. చిలకల మధ్య పచ్చటి ఊసరవెల్లి. కోతుల మధ్య గోధుమరంగు ఊసరవెల్లి. పొద్దున్నే బండమీద నల్లటి ఊసరవెల్లి. చూస్తూ చూస్తూ ఉంటే అర్థమైంది, బొమ్మల్లో ఎక్కడా తప్పు లేదు. తప్పంతా కింద నేను రాసిన వాక్యాల్లోనే ఉంది. చిలకల మధ్య పచ్చగా ఎందుకుంది? హాయిగా ఉంది కాబట్టి. కోతులు గోల చేస్తుంటే ఎందుకు ముదురు రంగైంది? బెదిరింది కాబట్టి. బండమీద ఎందుకు నల్లగా ఉంది? చలేస్తోంది కాబట్టి. ఒక్క బొమ్మా మారకుండా పద్నాలుగు పేజీల కథ తిరిగిపోయింది. తరిమేసే బొమ్మ అదృష్టవశాత్తూ వాడింకా మొదలుపెట్టలేదు. ఉడత గుట్టు రట్టు చెయ్యదు ఇప్పుడు. ఏ రంగుకి ఏం అర్థమో నేర్చుకుని మిగిలినవాళ్ళకి చెబుతుంది. అంతే. నీతి రాయలేదు. పేజీలు చాల్లేదని వాడికి చెప్పాను.

గొప్ప కథ అని నేననను. మా అసోసియేషన్ వాళ్ళు "చివర్లో నీతి మిస్సయింది" అన్నారు కూడా. ఆదివారం అర్ధరాత్రి దాటాక ఫైళ్ళు పంపించాం.

సోమవారం మేనేజరుతో ఆ నెట్‌వర్క్ సంగతి నిజం చెప్పేశాను. ఆయనది కేరళ. కోప్పడతాడనుకుంటే, "ఓంతు!" అన్నాడు నవ్వుతూ. మలయాళంలో దాని పేరు అదేనట. రంగులు మార్చే నాయకుల్ని అక్కడా ఆ పేరుతోనే తిడతారట. కాసేపాగి, "చిన్నప్పుడు మేమూ రాళ్ళేసేవాళ్ళం" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇద్దరం రిలీజు గురించి మాట్లాడుకున్నాం.

మా మేనకోడలికి కొత్త కథ చదివి వినిపించాను. తర్వాత రోడ్డు మీది సంగతీ చెప్పాను. కథ కంటే అదే దానికి నచ్చింది.

"మరి గుడ్లు పెట్టిందా?"

"తెలీదమ్మా."

"చూసి రావొచ్చుగా."

వెళ్ళాను. తంగేడు పొద దగ్గర నాకేమీ కనబడలేదు. మట్టి తవ్వినట్టుందా అంటే ఉంది, లేదా అంటే లేదు. రోడ్డు మీద నలిగిన గుర్తు మాత్రం ఏదీ లేదు, అది జాగ్రత్తగా చూశాను. పెద్దాయన కర్ర పక్కన పెట్టుకుని నీడలో కూర్చుని ఉన్నాడు.

"నేను సూస్తున్న సార్ రోజూ" అన్నాడు. "గా పొద దిక్కు ఎవ్వర్ని పోనిస్తలేను."

ఆ ప్లాటు ఎవరిదో, రేపు ఎప్పుడు ఏ జేసీబీ వస్తుందో ఆయన చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. అప్పటిదాకా మాత్రం ఆయన చూస్తున్నాడు. ఆ మాటే మా మేనకోడలికి చెప్పాను. ఈసారి కథ అయిపోలేదని అనలేదు.